పురిటి దూది

గేటు తెరవలేదు. ఇది ఎవరో చెబితే విన్నది కాదు, నా కళ్లతో చూసింది.

పోయిన ఏడు చలికాలం, పత్తి బాగా దిగుతున్న రోజులు. మానవపాడు నుంచి వచ్చే రోడ్డు మీద సుదర్శన్ సేటు పత్తి మిల్లు ముందు ట్రాక్టర్లు బారు కట్టి ఉన్నాయి. నా పేరు శేఖర్. ఆ మిల్లులో దూది బేళ్లు మోసే హమాలీని, మా హమాలీ సంఘంలో నలుగురితో పాటు ఒకణ్ని. లారీకి బేలు ఎత్తుతుండగా మిషన్ల షెడ్డులోంచి రేణుక పరుగెత్తుకుంటూ బయటికొచ్చింది. చంకలో రెండేళ్ల కూతురు సుమన. ఆ పిల్ల నోరు తెరిచి గాలి కోసం ఎగపోస్తున్నది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల సందున చర్మం లోపలికి గుంటలు పడుతున్నది. పెదవులు నీలంగా మారాయి. ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు లారీ దగ్గరున్న నాకు కూడా వినబడుతున్నాయి.

"యాదయ్యన్నా, గేటు తియ్యి. పిల్లకు దమ్ము అందుతలేదు!"

కావలి యాదయ్య తాళంచెవి చేతిలో పట్టుకొని కూడా కదల్లేదు. "షిఫ్టు నడిచేటప్పుడు తియ్యొద్దని సేటు హుకుం. దూది దొంగతనంగ పోతున్నదంట. జర ఆగు, సూపర్‌వైజర్‌ను అడిగొస్త."

"నా కొంగుల దూది ఉన్నదా? చూడు! చీర ఇప్పి చూపియ్యాల్నా?"

సూపర్‌వైజర్ దినేష్ చాయ్ గ్లాసుతో నింపాదిగా వచ్చాడు. రేణుక చేతిలో ఉన్న గుడ్డసంచి తిరగేసి దులిపాడు. పిల్ల గౌను, అన్నం డబ్బా కింద పడ్డాయి. నా ఒళ్లు మండింది. బేలు అక్కడే పడేశాను, నా వెనక హమాలీలంతా పడేశారు. అందరం గేటు దగ్గరికి పోయి నిలబడ్డాక తాళం తెరుచుకుంది. ఒక్క తల్లి ఏడిస్తే తిరగని తాళం అది.

ఆటోలో రేణుక, ఆమె అత్త రంగమ్మ, నేను గద్వాల దవాఖానకు పోయాం. రేణుక మొగుడు ఇస్రాయేలు బేళ్లు నొక్కే ప్రెస్ మిషన్ మీద ఉన్నాడు, అతనికి కబురు కూడా అందలేదు. దవాఖానలో డాక్టరమ్మ కావ్య ఆలస్యం చేయకుండా పిల్ల మూతికి గొట్టం పెట్టి ఆవిరి మందు పట్టింది. కాసేపటికి సుమన ఛాతీ నెమ్మదించింది. కళ్లు తెరిచి నానమ్మను చూసింది. రంగమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

అప్పుడు డాక్టరమ్మ ఒకటొకటిగా అడగడం మొదలుపెట్టింది.

"కడుపుతో ఉన్నప్పుడు ఏం పని చేశావమ్మా?"

"మిషన్‌కు పత్తి అందిస్తుంటి. నొప్పులొచ్చేదాంక అదే పని."

"పుట్టాక పిల్లను ఎక్కడ ఉంచేవాళ్లు?"

"షెడ్డులనే. మిషన్ ఎనక దూలానికి చీర ఉయ్యాల కడుతం. పాలకు ఏడిస్తే ఆడనే ఇస్తం. బయటికి పోతే పని పోతది గదా."

"రాత్రి పడక?"

దీనికి రంగమ్మ ముందుకొచ్చింది. ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "నా చేతులతోని కుట్టిన బొంత, అమ్మా. సేటు పంపిన పురిటి దూది. ఇగో, గిదే!"

పిల్లను చుట్టుకొచ్చిన బొంత అది. డాక్టరమ్మ దాని ఒక మూల కుట్లు విప్పి తెల్లటి దుప్పటి మీద దులిపింది. నల్లటి పొడి పడింది. ఎండిన ఆకు తునకలు, గింజ పొట్టు, మిషన్ కింద ఊడ్చిన మురికి. దూది అన్నది వెతుక్కుంటే కనబడింది.

"అవ్వా, ఇందులో ఉన్నది దూది కాదు, దుమ్ము" అంది డాక్టరమ్మ మెల్లగా. "దీనివల్లే వచ్చిందని నేను వేలు పెట్టి చూపలేను. చలి, పొగ, వంశం, అన్నీ కలుస్తాయి. కానీ పసిపిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. ఆ వయసులో రోజూ ఇంత దుమ్ము పీలిస్తే ఉబ్బసం పట్టుకోవడానికి దారి పడుతుంది. తల్లి పీల్చింది కడుపులో బిడ్డకు కూడా చేటే."

రేణుక చెయ్యి పొట్ట మీదికి పోయింది. ఆమెకు ఐదో నెల. రంగమ్మ ఆ దుప్పటి మీది నల్లపొడిని వేళ్లతో నలిపి చూసింది.

పురిటి దూది సంగతి మీకు తెలియాలి. మా మిల్లు కూలీల్లో ఎక్కువమంది వనపర్తి జిల్లా వాళ్లు, పాన్‌గల్ వైపు నుంచి వస్తారు. సీజను మొదలయ్యాక వచ్చి మిల్లు ఆవరణలోనే రేకుల గుడిసెల్లో ఉంటారు. భూమి లేదు, ఉన్నా బండల మీద గరిక. ఇక్కడ ఏ ఆడమనిషి కాన్పయినా సేటు ఇంటి నుంచి ఒక సంచి దూది వస్తుంది. సంచి మీద పసుపు, కుంకుమ, రవిక గుడ్డ. అది ఎప్పటి నుంచి నడుస్తున్న మర్యాదో ఎవరికీ గుర్తు లేదు. ఆ సంచి రావడమంటే సేటు మనల్ని కడుపులో పెట్టుకొని చూస్తున్నట్టు లెక్క. సంచి రాని వాళ్లు చిన్నబోయేవారు. వచ్చిన దూదిని అత్తలు బాలింత ఉన్న గుడిసెలోనే, గాలి తగలకుండా తలుపు వేసి, కట్టెతో కొట్టి ఏకేవారు. లేచిన నూగు పసిగుడ్డు మీదే పడేది. ఆ తర్వాత కుంపట్లో మిల్లు పొట్టు పోసి, సాంబ్రాణి చల్లి, బిడ్డను ఆ పొగ మీద తిప్పేవారు. దిష్టి పోతుందని, జలుబు చేయదని. ఎంత ప్రేమగా చేసేవారో నేను చూశాను. 

మంచి దూది బేలుకు పోతుంది. ఊడ్చి పారేయాల్సింది సంచికెక్కి పసుపు బొట్టు పెట్టుకొని మన గుడిసెకు వస్తుంది. దానం అంటే ఇదీ!

సుమన దవాఖాన నుంచి వచ్చాక రేణుక ఉయ్యాల విప్పేసింది. బయట చెట్టు నీడన కూర్చొని పత్తిలో చెత్త ఏరే పని ఇమ్మని దినేష్‌ను అడిగింది. "మిషన్ కాడ ఉంటే ఉండు, లేకుంటే మీ ఊరికి పో" అన్నాడు. అప్పుడు ఆమె ఒక్కతే మాట్లాడి లాభం లేదని మాకందరికీ అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన అయిపోయాక గుడిసెల మధ్య ఉన్న రేకుల పంచలో అందరం కూర్చున్నాం. ప్రార్థన నడిపే సామ్యూల్ పక్కకు జరిగి రేణుకకు చోటిచ్చాడు. ఆమె దుప్పటి మీద పడ్డ నల్లపొడి సంగతి చెప్పింది. ఒక్కసారిగా గోల లేచింది.

"మా పోరనికి గూడ చలి రాంగనే గట్లనే ఎగపోత్తది."

"నా బిడ్డ ఉరికితే పిల్లికూతలు. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టిచ్చిన."

"నాగర్‌కర్నూల్ల మా చెల్లె పిల్లలు మిల్లు మొకం చూడలే. ఆళ్లకు లేదు గీ రోగం."

మల్లన్న అనే పెద్ద హమాలీ లేచాడు. "సీజను మూడు నెల్లు. ఇప్పుడు పని ఆపితే సేటు కర్నూలు దిక్కోళ్లను తెస్తడు. అప్పుడేం తింటం? పిల్లలకు దమ్ము ఉంటే సరిపాయె, కడుపుకు తిండి వద్దా?"

"మల్లన్నా, నువ్వు చెప్పేది అబద్ధం కాదు" అంది రేణుక. "కని నా కడుపుల ఇంకొకటి ఉన్నది. దీన్ని గూడ గా దుమ్ములనే కనమంటవా? నాకు ఇంకేం వద్దు. ఇది పుట్టినంక మంచిగ గాలి పీల్చాలె. గంతే."

ఆ మాటకు మల్లన్న తలపాగా తీసి మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత ఏమేమి అడగాలో అందరూ ఒకేసారి మాట్లాడి తేల్చారు. కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు దుమ్ము లేని చోట పని. పిల్లలకు మిల్లు గోడ అవతల ఒక గది. దుమ్ము గుంజే ఫ్యాన్లు రోజూ నడపాలి. ఫ్యాన్లు లేవనుకోకండి. ఉన్నాయి. తనిఖీకి అధికారులు వస్తేనే తిరుగుతాయి, కరెంటు ఖర్చు అని మిగతా రోజుల్లో బందు. చివరిది, షిఫ్టులో గేటుకు తాళం వేయొద్దు.

ఆ సాయంత్రమే అవన్నీ రాసి ఇచ్చాం, సేటు ఆ కాగితం చూడను కూడా లేదు. సోమవారం మేం పనిలోకి దిగలేదు, మిషన్లు ఆగిపోయాయి.

మొదటి దెబ్బ సేటు నుంచి రాలేదు, రైతుల నుంచి వచ్చింది. పొద్దున్నుంచి బారులో నిలబడ్డ ట్రాక్టర్ల వాళ్లు మా మీదికి వచ్చారు. ఇటిక్యాల రైతు వెంకట్రాములు అందరికంటే ముందున్నాడు. అతని చేతిలో ముల్లుగర్ర కూడా ఉంది.

"మబ్బు పట్టింది, చూస్తలేరా? వాన పడితే నా పత్తి నల్లబడ్తది. మీ లొల్లి మీరు పెట్టుకోండ్రి, మా పొట్ట మీద కొట్టకుండ్రి!"

తోపులాట మొదలైంది. ఇస్రాయేలు చొక్కా చినిగింది. రేణుక సుమనను ఎత్తుకొని వాళ్ల మధ్యకు పోయింది. "కొడ్తే కొట్టు పెద్దనాయినా. కని ముందు నా బిడ్డ ఛాతి మీద చెవి పెట్టి ఇను."

వెంకట్రాములు తడబడ్డాడు. ముల్లుగర్ర దించి వంగాడు. ఆ చిన్న ఛాతీకి చెవి ఆనించాడు. లేచేసరికి అతని మొహం మారిపోయింది.

"గీ కూత మా ఇంట్ల గూడ ఇంటున్న" అన్నాడు. "నా మనుమడు. ధర రాలేదని పత్తిని ఇంట్లనే కుప్ప పోసినం. ఇల్లంత పత్తే. పోరలు దాని మీదనే ఎగురుతరు, దాని మీదనే పండుకుంటరు. మెత్తగుంటది గదా అని మేమే పండవెడ్తిమి."

అతను వెనక్కి తిరిగి తోటి రైతులతో ఏదో గట్టిగా అన్నాడు. కొందరు తిట్టుకుంటూనే ట్రాక్టర్లు పక్కకు తీశారు. అందరూ మా వైపు వచ్చారని నేను అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు రైతు చేత కూలీని కొట్టించడం సేటుకు సాగలేదు.

మరునాడు సేటే కారు దిగి వచ్చాడు. అరవలేదు. మెత్తగా మాట్లాడాడు. మెత్తటి కత్తి అంటే ఏమిటో అప్పుడు చూశాం.

"నేను మీకేం తక్కువ చేసిన? కాన్పు కాన్పుకు దూది పంపిన, బొట్టు పెట్టి పంపిన. ఉయ్యాల కట్టుకుంటమంటే కాదన్ననా? గుడిసెల పొగ పెట్టింది మీరు. దూది ఏకింది మీరు. ఇప్పుడు నా మిల్లు మీదికొస్తరా?" రంగమ్మ వైపు తిరిగాడు. "ఏం రంగమ్మా, నువ్వు పెద్దమనిషివి. దేవుని మీద ఒట్టేసి చెప్పు. ఆ పిల్ల బొంత కుట్టిందెవరు? పొగ పట్టిందెవరు?"

దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు ఉంది ఆ మాట. కానీ రంగమ్మ నేల మీద కూలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నేనే" అంది.

ఆ ఒక్క మాటతో మా ఆడవాళ్ల వెన్ను విరిగినంత పనైంది. ఎందుకంటే గుంపులో బొంత కుట్టని నానమ్మ లేదు, పొగ పట్టని అమ్మ లేదు. ఎవరి తప్పు వాళ్లకు గుర్తొచ్చి తలలు వంచుకున్నారు. సేటు అదే అదనుగా రేణుకను పిలిచాడు.

"నువ్వు జర తెలివిగల్లదానివి. ఆఫీసుల కూసో. అద్దాల గది, ఏసీ ఉంటది. రైతులకు చీటీలు అందిస్తే చాలు. నీ బిడ్డను పక్కనే పెట్టుకో. కడుపులోని దానికి గూడ మంచిది."

రేణుక అడిగింది అదే కదా. బిడ్డకు మంచి గాలి. ఆమె సరేనంటే నేను తప్పుపట్టేవాణ్ని కాదు, నిజం చెబుతున్నాను. ఆమె ఆ అద్దాల గది వైపు చాలాసేపు చూసింది.

"దుమ్ము రాకుండ అద్దాలు పెట్టుకున్నవంటే, దుమ్ము సంగతి నీకు ఎప్పుడో ఎరుక సేటూ" అంది. "నీ మనుమలను ఏనాడన్న మిషన్ల షెడ్డుకు తెచ్చినవా? ఒక్క సంచి పురిటి దూది నీ కోడలికి గూడ పంపినవా? గా గదిల నేనొక్కదాన్ని కూసుంటే, అద్దంల నుంచి వీళ్ల మొకాలు ఎట్ల చూడాలె?"

సేటు కారెక్కి పోయాడు. కానీ వేసిన విత్తు మొలిచింది. ఆ మరునాడు కొందరు ఆడవాళ్లు తల దించుకొని పనిలోకి పోయారు. మిషన్లు సగం తిరిగాయి. రంగమ్మ గుడిసె మూల కూర్చొని అన్నం ముట్టలేదు. రేణుక ఆమెను ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడనే లేదు. ఇద్దరి మధ్య పిల్ల దగ్గు ఒక్కటే వినబడేది.

ఆ వారంలోనే చలి ముదిరింది. ఒక పొద్దున మంచు కురుస్తుండగా సుమనకు మళ్లీ దమ్ము ఎక్కింది. డాక్టరమ్మ ఇచ్చిన మందు చెప్పినట్టే పట్టారు. తగ్గలేదు. ఇస్రాయేలు రోడ్డు మీదికి పరుగెత్తి పత్తి దించి పోతున్న ఆటోను ఆపాడు. రేణుక పిల్లను నిలువుగా ఎత్తుకొని, వీపు నిమురుతూ, "పీల్చు బిడ్డా, పీల్చు నా తల్లీ" అంటూనే ఉంది. ఎర్రవల్లి చౌరస్తా దాటకముందే పిల్ల పీల్చడం మానేసింది. అయినా రేణుక గద్వాల దాకా ఆ మాట అంటూనే ఉంది.

ఇంకా ఏం రాయను? రెండేళ్ల పిల్ల. బూడిద రంగు పిల్లికూనను చూస్తే నవ్వేది. నన్ను "మామ" అని కాదు, "బేల్" అని పిలిచేది. సామ్యూల్ ప్రార్థన చేశాడు, మేం గుంత తవ్వాం. పట్టుమని మోకాళ్ల లోతు కూడా అక్కర్లేని పిల్లకు మనిషి లోతు తవ్వాం, చేతులు ఆగక.

మట్టి పోశాక ఎవరూ ఇంటికి పోలేదు. పనిలోకి పోయిన ఆడవాళ్లు కూడా మిషన్లు వదిలి వచ్చారు. మిల్లు ముందు లారీలు తూచే కాంటా మీద బైఠాయించాం. లారీ లోపలికి పోలేదు, బేలు బయటికి రాలేదు. సాయంత్రానికి పోలీసులు వచ్చి ఇస్రాయేలును, నన్ను జీపులో వేసుకొని పోయారు. మట్టి చేతులు కడుక్కోనివ్వను కూడా లేదు.

స్టేషన్‌లో ఎస్సై సేటు ఇచ్చిన ఫిర్యాదు చదివి వినిపించాడు. కుటుంబ సభ్యులు పొగ పెట్టి, మురికి బొంతల్లో పడుకోబెట్టి, నిర్లక్ష్యంతో బిడ్డను పోగొట్టుకున్నారట. ఆ నెపం మిల్లు మీద వేసి ఉత్పత్తి ఆపారట. ఇస్రాయేలు గోడకు తల ఆనించి విన్నాడు. కన్నబిడ్డను పూడ్చిన పొద్దే వినవలసిన మాటలా అవి?

తెల్లవారి స్టేషన్ ముందు మా వాళ్లంతా చేరారు. పిల్లల దగ్గులు లోపలికి వినబడుతున్నాయి. గుంపును తోసుకొని రంగమ్మ ఎస్సై బల్ల ముందుకు వచ్చింది. 

"సారూ, కేసు రాస్తుండ్రంట. నా కొడుకును ఇడిచిపెట్టు. ఆడు బొంత కుట్టలే. నా పేరు రాయి. రంగమ్మ."

ఎస్సైకి అది తేలిక అనిపించినట్టుంది. కాగితం జరుపుకున్నాడు. "అంటే నువ్వే కుట్టినవని ఒప్పుకుంటున్నవా?"

"ఒప్పుకుంటున్న. కుట్టింది నేను, పొగ పట్టింది నేను. నా మనుమరాలు నా చేతలతోనే పాయె. ఉరి ఏస్తవా, ఎయ్యి." ఆమె బల్ల మీది కాగితాన్ని వేలితో చూపించింది. "నా పేరు పక్కన సుదర్శన్ సేటు పేరు రాయి."

"ఆయన పేరెందుకు?"

"గా చెత్త సంచికి బొట్టు పెట్టి పంపింది ఆయన గదా. నేను తెల్వక కుట్టిన సారూ. ఆయన తెలిసి పంపిండు. ఫ్యాన్లు బందు పెట్టింది ఆయన, గేటుకు తాళమేసింది ఆయన. నా తప్పు నేను మోస్త, ఆయనది గూడ నన్నే మొయ్యమంటే ఎట్ల? రెండు పేర్లు రాస్తేనే ఏలిముద్ర పెడ్త."

 వెనక నుంచి బాలనాగమ్మ ముందుకొచ్చింది. పనిలోకి మొదట తిరిగి పోయిన మనిషి ఆమె. ఎగపోస్తున్న కొడుకును బల్ల ముందు నిలబెట్టింది.

"నా పేరు గూడ రాయి. వీని బొంత నేను కుట్టిన. పక్కన ఆయన పేరు రాయి."

ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకొకామె. నిన్నటిదాకా ఆ తప్పును కొంగులో దాచుకొని తలవంచిన తల్లులు, నానమ్మలు వాకిలి దాకా వరస కట్టారు. గుంపు చివర, మనుమడి చెయ్యి పట్టుకొని వెంకట్రాములు కూడా నిలబడ్డాడు.

ఎస్సై మొదటి పేరు రాశాడు. రెండో పేరు దగ్గర కలం ఆగింది. ఫోను తీసి లోపలి గదిలోకి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. కలానికి మూత పెట్టి, "ఇయ్యాల పోండి, రేపు చూద్దాం" అన్నాడు.

రంగమ్మ బల్ల ముందే నేల మీద కూర్చుంది. రేణుక వచ్చి ఆమె పక్కన, పొట్ట పట్టుకొని మెల్లగా కూలబడింది. సేటు ముందు రంగమ్మ "నేనే" అన్ననాటి నుంచి అత్తతో ఆమె మాట్లాడిన మొదటి మాట నేను కటకటాల్లోంచి విన్నాను.

"కాళ్లు చాపుకొని కూసో అత్తా. గా రెండో పేరు రాసేదాంక మనం పోయేది లేదు."